బాణలిలోని నూనె బండికి పనికొస్తుందా?

డీజిల్ బండిలో వంటనూనె పోస్తే నడుస్తుందా? నడుస్తుంది. పాత డీజిల్ అంబాసిడర్ అయినా, పొలం గట్టున నీళ్లు తోడే ఆయిల్ ఇంజను అయినా, వేసవి మధ్యాహ్నం వేరుశనగ నూనె పోసి తిప్పితే పెద్దగా మొరాయించకుండానే లేస్తుంది. చిక్కు అక్కడ లేదు. ఆరు నెలల తర్వాత ఆ ఇంజను విప్పి చూస్తే లోపల ఏముంటుందన్నదే చిక్కు. ఫోన్లలో తిరిగే వీడియోలు చాలామటుకు మొదటి రోజు దగ్గరే ఆగిపోతాయి కాబట్టి, మనం రెండో రోజు నుంచి మాట్లాడుకుందాం.

అసలు ఎందుకు మండుతుంది?

పెట్రోల్ ఇంజనులో మంట పుట్టించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది లేదు. పిస్టన్ పైకి వస్తూ లోపలి గాలిని పదిహేనో వంతుకో ఇరవయ్యో వంతుకో కుదించేస్తుంది. అంత బలంగా నొక్కిన గాలి ఐదారు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు ఇంజెక్టర్ ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఆ వేడి తగలగానే తుంపర అంటుకుంటుంది. అంత వేడికి అంటుకోని వంటనూనె లేదు. లీటరుకు లీటరు లెక్క చూసినా, నూనెలో ఉండే శక్తి డీజిల్ కంటే ఐదు శాతం అటూ ఇటూగా తక్కువ, అంతే.

1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. చూడవచ్చినవాళ్లలో అది నూనెతో నడుస్తున్నదని గుర్తించినవాళ్లు కొద్దిమందేనని తర్వాత రుడాల్ఫ్ డీజిలే చెప్పుకున్నాడు. దీన్ని పట్టుకుని, ఆయన ఇంజనును కనిపెట్టిందే వేరుశనగ నూనె కోసమని చాలామంది రాస్తుంటారు. అది నిజం కాదు. ఆ ఇంజను ఖనిజ తైలానికి తయారైనదే. నూనె ప్రయోగం ఫ్రెంచి ప్రభుత్వం కోరగా జరిగింది. ఆఫ్రికాలో వాళ్ల వలసల్లో వేరుశనగ విరివిగా పండేది. బొగ్గు, చమురు బయటి నుంచి తెచ్చుకునే పని లేకుండా అక్కడి యంత్రాలు అక్కడి పంటతోనే నడిస్తే బాగుండునన్నది వాళ్ల ఆలోచన. ఖనిజ డీజిల్ చవగ్గా దొరకడం మొదలయ్యాక ఆ ఊసు వెనకబడింది.

మరి చిక్కు ఎక్కడ?

చిక్కదనంలో. నలభై డిగ్రీల వేడి దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్సుల మధ్య ఉంటుంది. అదే వేడి దగ్గర మనం వాడే వంటనూనెలు 30 నుంచి 40 దాకా ఉంటాయి. అంటే దాదాపు పదింతలు. పురుగుమందు కొట్టే స్ప్రేయర్‌లో నీళ్ల బదులు బెల్లం పాకం పోస్తే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు: పొగమంచులా రావాల్సింది ధారగా వస్తుంది. ఇంజెక్టర్ దగ్గర జరిగేదీ అదే. దాని నాజిల్ రంధ్రాలు మిల్లీమీటరులో చిన్న భిన్నమంత ఉంటాయి. చిక్కటి నూనె వాటిలోంచి పెద్ద చుక్కలుగా పడుతుంది. పెద్ద చుక్క పైపైన మండుతుంది, లోపల మాడుతుంది. మాడిన మసి నాజిల్ చుట్టూ గట్టిపడుతుంది. దాంతో తుంపర ఇంకా చెడుతుంది, మసి ఇంకా పెరుగుతుంది. కొంత నూనె పిస్టన్ రింగుల గాడుల్లో జిగురులా పట్టేసి రింగులు కదలకుండా చేస్తుంది. ఇంకొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. మెకానిక్‌లు ఎక్కువ భయపడేది ఈ చివరిదానికే. వేడికి, గాలికి ఆ నూనె గొలుసులు గొలుసులుగా పెనవేసుకుని ఇంజన్ ఆయిల్‌ను ముద్దగా మార్చేస్తుంది. ఆ తర్వాత బేరింగుల దాకా చమురు అందదు.

ఏ నూనె అయినా ఒకటేనా?

కాదు. అవిసె నూనెను చెక్కకు పూస్తే నాలుగు రోజుల్లో పొరలా ఆరిపోతుంది. వడ్రంగులు, రంగులేసేవాళ్లు దాన్ని వాడేది అందుకే. తలుపుకు ఏది గుణమో ఇంజనుకు అదే గండం. ఈ ఆరే స్వభావాన్ని అయోడిన్ విలువతో కొలుస్తారు. అవిసెకు అది 170 పైన, పొద్దుతిరుగుడుకు 120 పైన, వేరుశనగకు 90కి అటూ ఇటూ, పామాయిల్‌కు 50 చిల్లర, కొబ్బరి నూనెకు పది లోపు. అంకె తగ్గేకొద్దీ జిగురు కట్టడం తగ్గుతుంది. కానీ గడ్డకట్టడం పెరుగుతుంది. కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే పేరుకోవడం మనకు ప్రతి చలికాలం కనిపించేదే. ఎప్పుడూ ఉక్కగా ఉండే చోట ఆ బెడద లేదు. పసిఫిక్ సముద్రంలోని బూగెన్‌విల్ దీవి జనం రాగి గని మీద తిరగబడినప్పుడు, 1990లో పాపువా న్యూగినీ ప్రభుత్వం ఆ దీవికి సరుకులు అందకుండా దిగ్బంధించింది. డీజిల్ చుక్క లేదు. వాళ్లు కొబ్బరి కోరి, పాలు తీసి, కాచి, నూనె దించి జీపుల్లో, జనరేటర్లలో పోసుకుని ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు. ఇంట్లో తయారైన ఇంధనం గురించి నాకు తెలిసిన కథల్లో ఇంత గట్టి కథ మరొకటి లేదు. సరదాకు కాదు, గత్యంతరం లేక చేశారు.

ఆముదం సంగతి వేరు. నలభై డిగ్రీల దగ్గర దాని చిక్కదనం రెండు వందల పైమాటే. అది పోస్తే ఇంజను కూడా ఆముదం తాగిన ముఖమే పెడుతుంది. దాన్ని బయోడీజిల్‌గా మార్చినా మిగతావాటి కంటే చిక్కగానే మిగులుతుంది.

పలచన చేసేది ఎలా?

రెండు దారులున్నాయి. ఒకటి వేడి, రెండోది రసాయనం. డీజిల్‌లో కొంత నూనె కలిపి పోసేయడం మూడో దారి అంటారు గానీ, అది చిక్కును తగ్గించదు, వాయిదా వేస్తుంది.

వేడి దారిలో నూనెను మార్చరు, బండిని మారుస్తారు. జర్మనీలో ఇలాంటి మార్పులు పేరు పొందాయి. నూనెను డెబ్బై, ఎనభై డిగ్రీలకు వేడిచేస్తే చిక్కదనం మూడో వంతుకు దిగుతుంది. ఇంజనును చల్లబరిచి వచ్చే రేడియేటర్ నీళ్లు ఎలాగూ అంత వేడిగా ఉంటాయి కనుక, వాటి గొట్టాన్ని నూనె ట్యాంకులోంచి, ఫిల్టర్ చుట్టూ తిప్పుతారు. బండికి రెండు ట్యాంకులు. బయల్దేరేటప్పుడు మామూలు డీజిల్‌తో. ఇంజను బాగా వేడెక్కాక మీట తిప్పి నూనెకు. ఆపే ముందు మళ్లీ కాసేపు డీజిల్‌కు, గొట్టాల్లో, పంపులో మిగిలిన నూనె కడుక్కుపోయేదాకా. ఈ చివరి పని మరిచిపోతే పంపులో నూనె చల్లారి, మర్నాడు పొద్దున బండి లేవదు. రోజూ దూరాలు తిరిగే బండికి ఇది నప్పుతుంది. పిల్లల్ని బడిలో దింపి వచ్చే కారుకు ఇంజను వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది.

రెండో దారిలో బండిని ముట్టుకోరు, నూనెనే మారుస్తారు. దాని పేరే బయోడీజిల్. చాలామంది వడగట్టిన వంటనూనెనే బయోడీజిల్ అనేస్తుంటారు. రెంటికీ పాలకూ పెరుగుకూ ఉన్నంత తేడా ఉంది.

నూనె అణువులో ఒక గ్లిజరిన్ ముక్కకు మూడు పొడవాటి కొవ్వు గొలుసులు అతుక్కుని ఉంటాయి. ఆ మూడూ ఒకే చోట కట్టేసి ఉండటమే చిక్కదనానికి మూలం. ఆ కట్టు విప్పి, ఒక్కో గొలుసుకు ఒక్కో చిన్న ఆల్కహాల్ ముక్కను తగిలిస్తే పలచని ద్రవం వస్తుంది. గ్లిజరిన్ బరువుగా అడుగుకు దిగుతుంది. చిక్కదనం 4, 5 దగ్గరకు, అంటే డీజిల్ దరిదాపులకు వస్తుంది. 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ ఈ పద్ధతితో పామాయిల్‌ను వాహన ఇంధనంగా మార్చడానికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ ఇంధనంతో బ్రస్సెల్స్, లూవెన్ ఊళ్ల మధ్య బస్సు తిరిగింది.

ఎలా చేస్తారు?

కొత్త నూనె లీటరుకు, 200 మిల్లీలీటర్ల మిథనాల్, మూడున్నర గ్రాముల కాస్టిక్ సోడా. ముందు కాస్టిక్ సోడాను మిథనాల్‌లో పూర్తిగా కరిగిస్తారు. చెమ్మ ఏమాత్రం లేని నూనెను యాభై అయిదు డిగ్రీలకు వేడిచేసి, మంట లేని చోట ఆ ద్రావణాన్ని కలిపి, మూతపెట్టిన పాత్రలో గంటసేపు కలియబెడతారు. రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దుటికి పైన తేనెరంగు బయోడీజిల్, అడుగున ముదురు గోధుమరంగు గ్లిజరిన్ విడివిడిగా తేరతాయి. లెక్క ప్రకారం మిథనాల్ అందులో మూడింట రెండు వంతులు చాలు. కానీ ఈ చర్య ముందుకు వెళ్లినంత సులువుగా వెనక్కీ నడుస్తుంది. దాన్ని ముందుకే తోయడానికి ఎక్కువ పోస్తారు.

మరిగిన నూనె అయితే కథ ఇంకొంచెం ఉంది. పదేపదే వేయించిన నూనెలో కొన్ని గొలుసులు అప్పటికే విడిపోయి ఆమ్లాలుగా తిరుగుతుంటాయి. అవి కాస్టిక్ సోడాను మింగేసి సబ్బవుతాయి. కాబట్టి ఆమ్లం ఎంత ఉందో ముందు తేల్చి, అంతకు సరిపడా సోడా ఎక్కువ వేయాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గ్రాము కాస్టిక్ సోడా కరిగించి పక్కన పెట్టుకుంటారు. ఒక మిల్లీలీటరు నూనెను పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, రంగు తేల్చే సూచికను చిటికెడు వేసి, ఆ సోడా నీటిని చుక్కచుక్కగా కలుపుతారు. ప్రయోగశాలల్లో ఫినాఫ్తలీన్ వాడతారు. పసుపు కూడా పనికొస్తుంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ఏ చేతికైనా తెలుసు. ఎరుపు నిలిచే సరికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, లీటరు నూనెకు అన్ని గ్రాముల సోడా అదనం. రెండు పడితే మూడున్నరకు రెండు కలిపి అయిదున్నర. ఐదో ఆరో దాటితే ఆ నూనెను వదిలేయడం మంచిది. బయోడీజిల్ కంటే సబ్బు ఎక్కువ వస్తుంది. నూనెలో నీళ్లున్నా జరిగేది ఇదే. అందుకే బజ్జీల నూనెను ముందుగా కాచి, చిటపటలు ఆగేదాకా ఉంచి, తేర్చి, గుడ్డలో వడగడతారు.

తేరిన బయోడీజిల్‌లో ఇంకా సబ్బు, మిథనాల్ మిగిలి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లతో మెల్లగా, గిలకొట్టకుండా, నీళ్లు తేటగా దిగేదాకా కడిగి, ఆ తర్వాత చెమ్మ పోయేదాకా ఆరబెట్టాలి. పని పూర్తయిందో లేదో చూసుకోవడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. మూడు మిల్లీలీటర్ల బయోడీజిల్‌ను ఇరవై ఏడు మిల్లీలీటర్ల మిథనాల్‌లో, ఇరవై డిగ్రీల వేడి దగ్గర కలపాలి. బయోడీజిల్ మిథనాల్‌లో కరిగిపోతుంది, నూనె కరగదు. అడుగున చుక్క నిలిచిందంటే మారని నూనె మిగిలిపోయిందన్నమాట. మళ్లీ మొదటికి రావాలి.

ఇంట్లో చేయొచ్చా?

పైన రాసినది చదివితే వంటలా అనిపిస్తుంది. వంటింట్లో మాత్రం చేయకూడదు. మిథనాల్ ఆవిరి మామూలు గది వేడికే అంటుకుంటుంది; పట్టపగలు దాని మంట కంటికి దాదాపు కనిపించదు. కొద్ది చెంచాలు లోపలికి పోతే చూపు పోతుంది, ఇంకొంచెం పోతే ప్రాణం పోతుంది. కల్తీ సారా తాగి చనిపోయారన్న వార్తల వెనక తరచుగా ఉండేది ఇదే. చర్మం గుండా, ఊపిరి గుండా కూడా ఒంట్లో చేరుతుంది. అందుకే దాని అమ్మకం మీద, నిల్వ మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. అది కాస్టిక్ సోడాతో కలిశాక వచ్చే ద్రావణం చర్మాన్ని కాల్చేస్తుంది, పైగా నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. సత్తు గిన్నెలు అసలు పనికిరావు. కాస్టిక్ సోడా సత్తును తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. స్టీలు పాత్ర, ఆరుబయలు, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, దగ్గర్లో బకెట్ నీళ్లు, గ్యాస్ స్టవ్‌కు ఆమడ దూరం. ఇవి కుదరని ఇంట్లో, పిల్లలు తిరిగే ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దనే నా మాట. ఇథనాల్‌తో చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు గానీ అందులో చుక్క నీరు ఉండకూడదు; అంత పొడి ఇథనాల్ దొరకడం కష్టం, గ్లిజరిన్ కూడా మొండికేస్తుంది.

ఏ బండికి పోయొచ్చు?

పాత మెకానికల్ పంపు ఉన్నవాటికి. నెమ్మదిగా తిరిగే ఆయిల్ ఇంజన్లు, పాత ట్రాక్టర్లు, పాత జీపులు మంచి బయోడీజిల్‌ను ఇబ్బంది లేకుండా తాగుతాయి. మొదట్లో రెండు మూడు ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతాయి. తప్పు బయోడీజిల్‌ది కాదు. ఏళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని అది కరిగించి పైకి తెస్తుంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి, వాటిని మార్చుకోవాలి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండి మీకు ఉంటే ఇక్కడితో ఆగండి. దాని ఇంజెక్షన్ పీడనం వాతావరణ పీడనానికి రెండు వేల రెట్లకు చేరుతుంది. ఆ పంపులో అర గ్రాము సబ్బు చాలు, వేలల్లో బిల్లు. ఇంకో కారణం జనానికి అంతగా తెలియదు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేసుకోవడానికి చాలా కార్లు అప్పుడప్పుడు సిలిండర్‌లోకి ఆలస్యంగా కొంచెం ఇంధనం చిమ్ముతాయి. డీజిల్ అయితే ఆవిరై వెళ్లిపోతుంది. బయోడీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో చేరుతుంది. బంకులో దొరికే డీజిల్‌లో మన ప్రమాణాలు 7 శాతం దాకానే బయోడీజిల్‌ను అనుమతిస్తాయి.

గిట్టుబాటు అవుతుందా?

పన్నులు ఎక్కువున్న దేశాల్లో జనం దీని వెంట పడటానికి కారణం సూటిగా ధరే. 2002లో వేల్స్‌లోని స్వాన్సీ ప్రాంతంలో ఒక సూపర్ మార్కెట్‌లో వంటనూనె అమ్మకాలు అర్థం కానంతగా పెరిగాయి. ఇళ్లలో వేపుళ్లు పెరిగాయేమో అనుకున్నారు. తీరా చూస్తే జనం కార్లలో పోసుకుంటున్నారు. ఇంధన పన్ను ఎగ్గొడుతున్నారని అధికారులు రోడ్ల మీద కార్లు ఆపి పొగ వాసన చూసి పట్టుకున్నారు. చేపల వేపుడు వాసన వస్తే దొరికినట్టే. 2007 నుంచి బ్రిటన్‌లో ఏడాదికి 2,500 లీటర్ల లోపు తయారు చేసుకుంటే పన్ను లేదు.

మన దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. వంటనూనె డీజిల్ కంటే ఖరీదు. పైగా దేశానికి కావాల్సిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. తినే నూనెను తగలబెట్టడంలో అర్థం లేదు. ఇక మిగిలేది మరిగిన నూనె. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకు లీటరుకు పదహారు చొప్పున అరవై లీటర్ల పైచిలుకు కావాలి. ఏ ఇంట్లో నెలకు అరవై లీటర్ల వాడిన నూనె మిగులుతుంది? మన ఇళ్లలో అప్పడాలు వేయించిన నూనె మర్నాడు పోపులోకి వెళుతుంది. హాస్టల్ మెస్, పెద్ద క్యాంటీన్, చిప్స్ తయారీ షెడ్డు ఉన్నవాళ్లకే ఇది లెక్కలోకి వస్తుంది. వాళ్లకు కూడా నూనెను సేకరించేవాళ్లకు అమ్మడమే నయం. 2018 నుంచి ఆహార భద్రతా సంస్థ వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడరాదని నిబంధన పెట్టి, ఆ నూనెను బయోడీజిల్‌కు మళ్లించే ఏర్పాటు చేసింది. ఆ మళ్లింపు వల్ల అసలు లాభం బండికి కాదు, మనకే: పెద్ద హోటల్ వదిలేసిన నల్లటి నూనె తక్కువ ధరకు సందు చివరి బండి మీదికి చేరకుండా ఉంటుంది. కాకినాడ లాంటి చోట్ల పెద్ద బయోడీజిల్ ఫ్యాక్టరీలు చాలాకాలంగా ఉన్నాయి. మిథనాల్‌తో పని వాళ్లకు అప్పగించడంలో చిన్నతనమేమీ లేదు.

కానుగ మాటేమిటి?

ఇది మన నేల మీద మొలిచిన అధ్యాయం. 2003 ప్రాంతంలో ప్రణాళికా సంఘం అడవి ఆముదం మీద పెద్ద ఆశలు పెట్టుకుంది. 2002 డిసెంబరు 31న ఢిల్లీ నుంచి అమృత్‌సర్ వెళ్లే శతాబ్ది రైలును 5 శాతం బయోడీజిల్ కలిపి నడిపారు కూడా. నీళ్లు లేని బీడులో ఆ మొక్క బతికింది గానీ సరిగా కాయ కాయలేదు. కానుగ అలా కాదు. అది మన రోడ్ల పక్కన, వాగుల ఒడ్డున తనంతట తాను పెరిగే చెట్టు. నూనె చేదు కాబట్టి వంటింటితో పోటీ లేదు. పిండి పొలానికి ఎరువు. నాలుగు కిలోల గింజ ఆడిస్తే సుమారు కిలో నూనె.

ఆదిలాబాద్ అడవుల్లోని జైనూరు మండలం, ఇప్పుడు అది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, అందులో పవర్‌గూడ అనే గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజలు ఏరి నూనె ఆడించాయి, కానుగ మొక్కలు నాటాయి. పటాన్‌చెరులోని పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడు నిలిచింది. డీజిల్ బదులు ఆ నూనె వాడితే గాలిలో కలవకుండా ఆగే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కానీ బండి కంటే ముందు గానుగను, గానుగ కంటే ముందు చెట్టును చూసుకోవడం అక్కడ జరిగింది. నూనె ఇంధనం పల్లెలో నిలబడాలంటే కారు ట్యాంకు దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. ఊరి మోటారు, ఊరి పిండిమిల్లు, ఊరి జనరేటర్ దగ్గర మొదలుపెట్టాలి. ఆ ఇంజన్లు నెమ్మదిగా తిరుగుతాయి, ఎప్పుడూ ఒకే బరువు లాగుతాయి, చెడితే అక్కడే విప్పి బాగుచేయొచ్చు. పచ్చి కానుగ నూనెలో ఆమ్లం తరచుగా ఎక్కువ కాబట్టి, దాన్ని బయోడీజిల్ చేయాలంటే ముందు ఒకసారి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో శుద్ధి చేసుకోవాల్సి వస్తుంది. అదీ ఇంటి పని కాదు.

చేసింది ఎంతకాలం నిలవ ఉంటుంది? అడుగున దిగిన గ్లిజరిన్‌ను ఏం చేయాలి?

బయోడీజిల్ డీజిల్‌లా ఏళ్ల తరబడి నిలవ ఉండదు. గాలి తగిలితే ఆమ్లం పెరుగుతుంది, చెమ్మ చేరితే బూజు పడుతుంది. డబ్బాను నిండా నింపి, మూత బిగించి, నీడలో ఉంచి మూడు నాలుగు నెలల్లో వాడేసుకోవాలి. రాగి, ఇత్తడి పాత్రల్లో పోస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. పుల్లటి వాసన వచ్చినా, అడుగున మడ్డి కనిపించినా ట్యాంకులో పోయకూడదు. గ్లిజరిన్‌లో మిథనాల్, సోడా, సబ్బు కలిసి ఉంటాయి. అందుకని కాలువలో పారబోయకూడదు, పశువులు తిరిగే చోట పెట్టకూడదు, చేతికి రాసుకోకూడదు. మూతపెట్టిన డబ్బాలో భద్రంగా ఉంచి, వాడిన నూనె సేకరించేవాళ్లు తీసుకుంటారేమో ముందే కనుక్కోవడం మేలు. లీటరు నూనెకు అయిదో వంతు దాకా ఈ మిగులు వస్తుంది కాబట్టి, దాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చుకున్నాకే మొదటి డబ్బా నూనె కొనాలి.